ఐదోసారి ఏ ఫ్యూజు

ఆ గురువారం ఇంట్లో ఉన్నది ఐదుగురు. ముందు గదిలో పెద్దనాన్న, ఆయనకి ఎదురుగా బరువైన యాంప్లిఫయర్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పళ్ళ డాక్టరు. వంటింట్లో పెద్దమ్మ. వెనక గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర టంకం అత్త. ఈ నలుగురికీ మధ్య నడవలో, టీ కప్పుల పళ్ళెం పట్టుకుని, లోపలికి వెళ్ళాలో వద్దో తేల్చుకోలేక నిలబడిపోయిన పిల్లి.

పిల్లి అంటే పెద్దనాన్న తమ్ముడి కూతురు. పదహారేళ్ళు. పదో తరగతి పరీక్షలు రాసి, సెలవులకని వచ్చింది. నడిచినా కూర్చున్నా చప్పుడు రాదని, వచ్చిన రెండో రోజే పెద్దమ్మ ఆ పేరు పెట్టేసింది. "వెనకాల ఎప్పుడొచ్చి నిలబడతావో తెలీదు. నా గుండె ఆగిపోయేది నీ వల్లే" అంటుంది. టంకం అత్త కూడా ఎవరికీ సొంత అత్త కాదు. పెద్దనాన్న ఆమెని చెల్లెమ్మా అంటాడు కాబట్టి పిల్లికి అత్త అయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ వెనక గదిలో కూర్చుని, ఊళ్ళోవాళ్ళు తెచ్చే పాత రేడియోలకీ స్పీకర్లకీ యాంప్లిఫయర్లకీ ప్రాణం పోస్తోంది. పాట వినిపించి అమ్మడం పెద్దనాన్న పని, విప్పి బాగుచేయడం ఆమె పని.

పళ్ళ డాక్టరు నెమ్మదిగా, నొప్పి చెప్పుకునే మనిషిలా చెబుతున్నాడు. పెట్టెని సర్వీసుకిచ్చి, తీసుకెళ్ళి పదహారు రోజులైందట. పద్నాలుగు రోజులు బ్రహ్మాండంగా విన్నాడట. మొన్న సాయంత్రం దుమ్ము తుడుస్తుంటే వెనక ఫ్యూజు మూత వదులుగా తగిలిందట. బిగిద్దామని తిప్పితే ఊడొచ్చింది. చూస్తే అందులో తను మోజుపడి కొనుక్కున్న వెండి టోపీల నీలం ఫ్యూజు లేదు. వీధి చివర కొట్లో దొరికే గాజు ఫ్యూజు ఉంది. అప్పట్నుంచి పాట పాటలా లేదట. గొంతు మీద దుప్పటి కప్పినట్టుందట.

పెద్దనాన్న వెనక గది వైపు పిలిచాడు. టంకం అత్త కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పిల్లి ఆమె వెనకాలే గదిలోకి జారి, టీ కప్పులు బల్ల మీద పెట్టి గోడకి ఆనుకుంది.

ఏం జరిగిందో అత్త ఉన్నదున్నట్టు చెప్పింది. సర్వీసు చేసేటప్పుడు ఆ నీలం ఫ్యూజు లోపలి తీగ తెగి ఉంది. అంతే శక్తి గల మామూలు ఫ్యూజు వేసింది. చీటీ వెనక రాసింది కూడా. చీటీ వెనక ఎవరు చూస్తారండీ అన్నాడు డాక్టరు. అక్కడితో అయిపోవాల్సింది. కానీ అత్త, మెత్తగానే, ఒక మాట అనేసింది.

"పద్నాలుగు రోజులు బాగానే విన్నారు కదండీ. పెట్టెలో ఏదీ మారలేదు. మీరు మూత విప్పి చూశారు, అంతే."

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది. డాక్టరు నోరు తెరిచి మూశాడు, తన కుర్చీలో కూర్చునే రోగుల్లాగే. పెద్దనాన్న కప్పు అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిల్లికి ఆయన ముఖం ఎర్రబడుతుందనిపించింది. ఎర్రబడలేదు. తెల్లగా పాలిపోయింది.

"అయితే ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో నేను వినిపిస్తున్నది అబద్ధమంటారా మీరు?" అన్నాడు.

మీరు అన్నాడు. చెల్లెమ్మా అనలేదు. పిల్లి వచ్చిన ఈ మూడు వారాల్లో ఆయన ఆమెని మీరు అనడం ఇదే మొదలు. అత్తకి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకుని, మళ్ళీ తీసి, కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

"అబద్ధమనడం లేదు అన్నయ్యగారూ. రెండు ఫ్యూజులకీ తేడా లేదంటున్నాను."

ఊళ్ళో పెద్దనాన్నని చెవిగారు అంటారు. వెనకాల అంటారు గానీ ఆయనకి తెలుసు, తెలిసి సంతోషం కూడా. స్పీకరు రెండంగుళాలు జరిగితే చెబుతాడు. రికార్డులో పాడే మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుందో చెబుతాడు. ఆ చెవిని నమ్మే జనం ఆయన దగ్గర కొంటారు. అలాంటి మనిషి ముందు, కొన్నవాడి ముందు, ఈ మాట.  పెద్దవాళ్ళు గొంతు పెంచకుండా ఇంత గట్టిగా కొట్టుకోవడం పిల్లి ఎప్పుడూ చూడలేదు.

పెద్దనాన్న లేచాడు. ఆదివారం పొద్దున పదింటికి అన్నాడు. వినే గదిలో, తన సొంత పెట్టె మీద. తను వెనక్కి తిరిగి కూర్చుంటాడు, మధ్యలో తెర ఉంటుంది. ఎనిమిదిసార్లు ఫ్యూజు పెట్టాలి, తన దగ్గరున్న వెండి టోపీలదో, మామూలుదో. ఎనిమిదీ చెబుతాడు. డాక్టరుగారు వచ్చి రాసుకోవాలి.

"ఎనిమిదీ చెప్పాక, మీ సామాను మీరు సర్దుకోండి."

"అలాగేనండి" అంది అత్త.

మీరు చెప్పలేకపోతే ఏమిటని ఆమె అడుగుతుందని పిల్లి చూసింది. ఆమె అడగలేదు. డాక్టరు కూడా అడగలేదు. అడగాలని తనకి అనిపించింది గానీ, పిల్లి గొంతులోంచి మాట రావాలంటే దానికి చాలా దూరం.

ఫ్యూజు మార్చడానికి ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు, నడవలో నిలబడ్డ పెద్దమ్మ అంది. "పిల్లి ఉందిగా. దాని ముఖం చూసి దేవుడు కూడా ఏం కనిపెట్టలేడు."

*

శుక్రవారం అత్త మామూలుగానే వచ్చింది. పిల్లి ఎప్పట్లాగే బల్ల పక్క స్టూలు మీద కూర్చుంది. బల్ల మీద ఒక రేడియో పొట్ట విప్పుకుని పడుకుని ఉంది. అత్త వేడి కడ్డీ మొనని తడి స్పాంజి మీద రుద్దితే బుస్సుమంది. ఎడమ చేత్తో టంకం తీగ అందించింది. చిన్న వెండి చుక్క కరిగి, తీగ చుట్టూ పాకి, మెరుస్తూ నిలిచింది. అత్త కడ్డీ తీసేసి ఊరికే కూర్చుంది. రెండు ఊపిర్ల సేపు ఏమీ చేయలేదు.

అదే అసలు పని అని చెప్పింది. టంకం దానంతటది చల్లారాలి. తొందరపడి ఊదితే పైకి అతుక్కున్నట్టే ఉంటుంది గానీ బూడిద రంగుకి తిరుగుతుంది, లోపల పగులుతుంది. నమూనా చూస్తావా అంటూ సొరుగులోంచి పాత సర్క్యూట్ పలక ముక్క ఒకటి తీసింది. దాని మీద వేలెడంత బూడిద రంగు ముద్ద, నమిలి ఉమ్మేసిన చూయింగ్ గమ్ లాగా.

"ఇది మీ పెద్దనాన్న చేతి పని" అంది. "మనిషికి ఓపిక లేదు. పెట్టడం, ఊదడం. ఎక్కడ చూసినా గుర్తుపట్టచ్చు, సంతకం అక్కర్లేదు."

ఆ మాటకి తనే నవ్వింది. నవ్వుతూనే స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటీ తుడిచి ఒక పాత తువ్వాలు మీద వరసగా పేర్చడం మొదలుపెట్టింది. పిల్లి చూసింది. రోజూ సాయంత్రం అవి డబ్బాలో పడేసేదే గానీ తువ్వాలులో చుట్టేది కాదు.

ఇక్కణ్ణుంచి వెళితే ఎక్కడికి వెళతావని పిల్లి అడిగింది. అడగడానికి పావుగంట పట్టింది. అత్త కిటికీ వైపు చూసింది. ఫోన్లు బాగుచేసే కొట్లలో ఇరవై ఏళ్ళవాళ్ళు కావాలట. వాళ్ళ సామానంత సన్నటి వస్తువులు ఈ కళ్ళకి ఆనవట. ఇలాంటి పెద్ద పెట్టెలు విప్పేవాళ్ళు ఇప్పుడెవరికీ అక్కర్లేదు, ఈ బల్ల తప్ప. ఇది చెప్పి, తను చెప్పింది అంత పెద్ద విషయమేం కాదన్నట్టు, రేడియో మీదికి వంగింది.

శనివారం మధ్యాహ్నం పెద్దనాన్న పిల్లిని వినే గదిలోకి పిలిచాడు. ఆ గదికి గోడలకంతా దళసరి గుడ్డ. తలుపు అంచుకి చుట్టూ రబ్బరు, వేస్తే చప్పుడు లేకుండా పడుతుంది, బయటి లోకం తెగిపోతుంది. నల్లటి పెద్ద యాంప్లిఫయర్ పొట్టి స్టాండు మీద ఉంటుంది. పొద్దున్నే పెద్దమ్మ స్విచ్ వేయడం తప్ప, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తుడవడం కూడా ఆయనే. అత్త చెయ్యి కూడా దాని మీద ఎప్పుడూ పడలేదు.

ఆయన నేర్పించిన తీరు పిల్లికి నచ్చింది. స్విచ్ ఆపు. గోడలోంచి తీగ లాగు. ఎర్ర దీపం పూర్తిగా ఆరేదాకా ఆగు. వెనక్కి వెళ్ళి మూత తిప్పు, అది ఫ్యూజుతో సహా బయటికి వస్తుంది. ఇది తీసి అది పెట్టు. వెండి ఫ్యూజు మీద బాణం గుర్తు ఉంది చూడు, అది లోపలి వైపుకి ఉండాలి. మూత బిగించు. తీగ పెట్టు. స్విచ్ వెయ్యి. లోపల టక్కుమన్నాక రికార్డు మీద ముల్లు దించు.

మామూలు ఫ్యూజు పెట్టించి ఒక పాత పాట వినిపించాడు. ఎవరో ఆవిడ, పక్కన ఒక వయొలిన్. తర్వాత వెండిది పెట్టించాడు. అదే పాట. ముల్లు దిగుతుండగా పిల్లి చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడు చూడు, ఆవిడ ఒక అడుగు ముందుకొస్తుంది" అన్నాడు.

ఆవిడ ఒక అడుగు ముందుకొచ్చింది. నిజంగానే వచ్చింది. పిల్లి చేతుల మీద వెంట్రుకలు లేచాయి. వయొలిన్ ఆవిడ భుజం వెనక్కి జరిగింది. పిల్లి తలెత్తి చూసేసరికి పెద్దనాన్న పాట వినడం లేదు, తన ముఖంలోకి చూస్తున్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"వినిపించిందా?"

పిల్లి తలూపింది.

"మీ పెద్దమ్మకి ముప్ఫై ఏళ్ళుగా వినిపించలేదు" అన్నాడు. ఆ మాటలో పెద్దమ్మ మీద కోపం లేదు. ఇన్నాళ్ళకి ఒక తోడు దొరికిందన్న సంతోషమే ఉంది.

సాయంత్రం పిల్లి తన నోటుపుస్తకంలో రాసుకుంది. తేడా ఉంది, నాకు వినిపించింది. రాశాక చాలాసేపు ఆ వాక్యం వైపే చూసింది. తేడా ఉంటే పెద్దనాన్న ఎనిమిదీ చెబుతాడు. చెబితే కిటికీ పక్క బల్ల ఖాళీ అవుతుంది. తనకి వినిపించడమే అత్తకి తను చేసిన అన్యాయంలా తోచింది.

*

ఆదివారం పదింటికి అందరూ వినే గదిలో ఉన్నారు. పెద్దనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్పీకర్లకి ఎదురుగా తన కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వీపు వెనక, తాడు మీద దుప్పటి వేలాడదీశారు. దుప్పటికి ఇవతల యాంప్లిఫయర్, రికార్డు ప్లేయరు, నేల మీద బాసిపట్టు వేసుకుని పిల్లి. డాక్టరు పక్కన స్టూలు మీద కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడింది. తను పిలిస్తే మూడోసారికి పలికే మనిషికి ఫ్యూజులో కరెంటు నడక వినిపిస్తుందా అని గొణిగింది. అత్త గోడవార నిలబడింది. ఆమె చేతిసంచీ భుజానికే ఉంది.

ఎనిమిది చీటీలు అత్తే రాసి రేకు డబ్బాలో వేసింది, నాలుగింటి మీద వెండి, నాలుగింటి మీద మామూలు. పిల్లి ఒక్కో చీటీ తీయాలి, దాని ప్రకారం ఫ్యూజు పెట్టాలి, తన నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఒకే ఫ్యూజు మళ్ళీ వచ్చినా మూత విప్పి బిగించాలి, చప్పుడు తేడా రాకూడదు.

మొదటిసారి వెండి. పెద్దనాన్న కాసేపు విని, వెండి అన్నాడు. డాక్టరు రాసుకున్నాడు. రెండోసారి మామూలు. మామూలే అన్నాడు. పిల్లి అత్త వైపు చూడకూడదని రికార్డు అంచు వైపు చూస్తూ కూర్చుంది. మూడోసారి చీటీ మామూలు అంది. పెద్దనాన్న చిటికె వేసి, వెండి, ఇందులో సందేహమే లేదు అన్నాడు. పిల్లి చేతిలో పెన్ను ఆగిపోయింది. చీటీ మళ్ళీ చదివింది. పెట్టింది మామూలుదే. నాలుగోసారి కూడా మామూలే. సరిగ్గా చెప్పాడు గానీ ఆలోచించి చెప్పాడు.

అప్పటికే పిల్లి అరచేతులు చెమటతో తడిసిపోయాయి. ఐదో చీటీ వెండి. స్విచ్ ఆపింది, తీగ లాగింది, దీపం ఆరేదాకా ఆగింది. మూత తిప్పి మామూలు ఫ్యూజుని లాగి డబ్బా మూతలో వేసింది. వెండిది ఫ్యూజు మూతలోకి నొక్కి, పెట్టె వెనక్కి వంగి, చీకట్లో తడుముకుంటూ బిగించింది. తీగ, స్విచ్. లోపల టక్కుమంది. ముల్లు దించింది. ఆవిడ పాడటం మొదలుపెట్టింది.

పెద్దనాన్న పాట చరణంలోకి వెళ్ళేదాకా ఆగాడు. ఆయన తల మెల్లగా ఊగడం దుప్పటి మీద నీడలా కనిపించింది.

"ఇది" అన్నాడు. "వెండి. ఇందాకటి నుంచీ ఇంత బాగా ఒక్కసారి కూడా పలకలేదు. వింటున్నారా డాక్టరుగారూ, గొంతు ఎలా విచ్చుకుందో. చల్లటి నీళ్ళు పోసినట్టు లేదూ?"

అవునండీ అన్నాడు డాక్టరు. ఆయన గొంతులోనూ పరవశం ఉంది.

పిల్లి రాసుకోబోతూ కాలు సర్దుకుంది. మడమ కింద ఏదో గుచ్చుకుంది. తీసి చూసింది. నీలం గొట్టం, వెండి టోపీలు, మీద బాణం గుర్తు.

ఒక క్షణం ఆమెకి ఏమీ అర్థం కాలేదు. డబ్బా మూత వైపు చూసింది. మామూలు ఫ్యూజు అందులోనే ఉంది. చేతిలో వెండిది. ఈ గదిలో ఈ రెండే ఉన్నాయి. మరి పెట్టెలో ఏముంది? చెమట వేళ్ళలోంచి ఫ్యూజు జారింది, తను ఖాళీ మూత బిగించింది. ఫ్యూజు లేకపోతే కరెంటు లోపలికే పోదని నిన్న పెద్దనాన్నే చెప్పాడు. కానీ ఎర్ర దీపం వెలుగుతోంది. ఆవిడ పాడుతోంది. చల్లటి నీళ్ళు పోసినట్టు పాడుతోంది.

 చీకట్లో తెలిసిన మనిషి అనుకుని చెయ్యి పట్టుకుంటే అక్కడ ఎవరూ లేనట్టుంది ఆమెకి.

ఆరో చీటీ వెండి. ఆపింది, లాగింది, ఆగింది. మూత తిప్పి వెలుతురులోకి తెచ్చి చూసింది. ఖాళీ. ఇప్పుడు వెండిది పెట్టాలి. చెయ్యి కదలలేదు. ఖాళీ మూతనే తిరిగి బిగించింది. తీగ పెట్టి స్విచ్ వేసింది. దీపం వెలిగింది. పెద్దనాన్న విని, పెదవి విరిచినట్టు, మామూలు అన్నాడు. ఏడోసారి ఖాళీ. మళ్ళీ వెండి అన్నాడు, తృప్తిగా. ఎనిమిదోసారి ఖాళీ. మామూలు. ఎందుకలా చేసిందో పిల్లి తర్వాత కూడా చెప్పలేకపోయింది. మోసం చేద్దామని మాత్రం కాదు. మొదటిది తన కళ్ళ పొరపాటేమో అనుకుంది. పొరపాటే అవ్వాలని కోరుకుంది. ఆ నాలుగు వరసల్లోనూ ఆమె ఒకే మాట రాసింది.

దుప్పటి తీసేశారు. పెద్దనాన్న కుర్చీ తిప్పుకుని నవ్వుతూ కూర్చున్నాడు. డాక్టరు తన కాగితం ఒక చేత్తో, పిల్లి నోటుపుస్తకం ఒక చేత్తో పట్టుకుని చదవసాగాడు. మొదటిది వెండి, ఒప్పు. రెండు ఒప్పు. మూడు... తప్పండీ. పెద్దనాన్న నవ్వు కొంచెం తగ్గింది. పెట్టె ఇంకా వేడెక్కలేదు అన్నాడు. నాలుగు ఒప్పు. ఐదు.

డాక్టరు పుస్తకం దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఐదు, లేదు అని రాసింది. లేదు అంటే?" పేజీ కిందికి చూశాడు. "ఆరు లేదు. ఏడు లేదు. ఎనిమిదీ అంతే."

అందరూ పిల్లి వైపు తిరిగారు. ఆమె రెండు చేతులూ చాపి, రెండు అరచేతులూ విప్పింది. ఒక దాంట్లో వెండిది, ఒక దాంట్లో గాజుది.

పెద్దనాన్నకి నవ్వొచ్చింది. "పిచ్చి పిల్లీ, ఫ్యూజు లేకుండా పెట్టె ఎలా పాడుతుందే? ఏదో ఒకటి లోపల..." అని ఆగాడు. పిల్లి అరచేతుల్ని మళ్ళీ చూశాడు.

మొదట కదిలింది అత్త. ఆమె పెద్దనాన్న వైపు చూడలేదు, గెలిచినదానిలా నిలబడలేదు. ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్ళి తీగ ఊడబెరికింది. "ఎవరూ ముట్టుకోకండి దాన్ని. నువ్వు ఇవతలికి రా పిల్లీ. రా అంటున్నాను" అంది.  

సంచీలోంచి తువ్వాలు తీసి విప్పింది. నాలుగు స్క్రూలు తీసి పెట్టె మూత ఎత్తింది. ఈసారి పెద్దనాన్న వద్దనలేదు. అందరూ వంగి చూశారు. ఫ్యూజు గూడు వెనక, ఈ చివర నుంచి ఆ చివరికి, దళసరి రాగి తీగ ఒకటి. కరెంటు ఫ్యూజు దాకా పోకుండా ఆ తీగ మీదుగానే దాటిపోతోంది. తీగ రెండు చివర్లా బూడిద రంగు ముద్దలు, నమిలి ఉమ్మేసిన చూయింగ్ గమ్ లాగా.

  ఆ సంతకం ఎవరిదో ఆ ఇంట్లో చెప్పనక్కర్లేదు.

గుర్తుచేసింది పెద్దమ్మ. గొంతు ఆమెది కానట్టుంది. పదకొండేళ్ళ కిందట, ఇరవై మందిని పాట వినడానికి పిలిచిన సాయంత్రం కరెంటు పోతూ వస్తూ ఉంటే ఫ్యూజులు వరసగా పోయాయి. అత్త ఊళ్ళో లేదు, వాళ్ళ అక్కని చూడ్డానికి వెళ్ళింది. ఈ పూటకి అంటూ ఆయనే ఏదో అతికించాడు. రేపు తీయించేస్తానన్నాడు.

"నేను రోజూ పొద్దున్నే దీన్ని వేడెక్కాలని వేసి బజారుకి వెళ్ళేదాన్ని" అంది పెద్దమ్మ. "లోపల ఈయన పడుకుని ఉండేవాడు." ఇంకా ఏదో అనబోయి, తలుపు పట్టుకుని కింద కూలబడింది.

ఏ చిన్న తీగ కలిసినా ఆపేది ఏదీ లేదు అంది అత్త. ఇల్లు అంటుకునేది. ఆమెకి ఫ్యూజుల పందెం గుర్తే లేదు. పదకొండేళ్ళు, పదకొండేళ్ళు అని అదే మాట అంటూ ఉంది.

డాక్టరుకి ఆలస్యంగా వెలిగింది. తను నీలం ఫ్యూజు కొన్నది ఈ పెట్టె మీద తేడా విన్న తర్వాతే. నాలుగేళ్ళ కిందట, ఇదే కుర్చీలో. ఆ రోజు విన్నది ఏమిటని ఆయన పైకే అడిగాడు.  నోటుపుస్తకం పిల్లి చేతికిచ్చి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పిల్లికి.

పెద్దనాన్న ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. రాగి తీగ వైపు చూస్తున్నాడు. పాలిపోయిన ముఖంలో కోపం లేదు, సిగ్గు కూడా కాదు. పెళ్ళాం పేరు మర్చిపోయిన మనిషిలా ఉన్నాడు.

*

సోమవారం అత్త తన సమయానికే వచ్చింది. చేతిసంచీ కొక్కేనికి తగిలించి, వెనక గదిలోకి పోకుండా వినే గదిలోకి నడిచింది. పెద్దమ్మ టీ ఇచ్చింది. బల్ల గురించి ఎవరూ మాట్లాడలేదు.

అత్త యాంప్లిఫయర్ ముందు నేల మీద కూర్చుంది. బూడిద ముద్దల్ని వేడిచేసి, రాగి తీగని పటకారుతో పైకి లాగింది. అది వంకరగా, నల్లగా, చచ్చిన వానపాములా ఊడొచ్చింది. గూడు కాళ్ళు గీకి శుభ్రం చేసింది. కొత్త టంకం పెట్టింది, కడ్డీ తీసింది, ఆగింది. రెండు చుక్కలూ మెరిశాయి. ఒక్కోదాన్నీ పటకారుతో లాగి చూసింది. ఇదంతా అవుతున్నంతసేపూ పెద్దనాన్న కుర్చీలో కదలకుండా చూశాడు.

ఫ్యూజు ఏది పెట్టమంటారని అత్త అడిగింది. ఏదైనా పెట్టమన్నాడు. పిల్లి అరచేతిలోంచి ఆమె మామూలుది తీసుకుంది. పెట్టింది. తీగ, స్విచ్, టక్కుమన్న చప్పుడు. ముల్లు తనే దించింది. అదే ఆవిడ, అదే వయొలిన్.

పాట పూర్తయింది. ముల్లు చివరి గీతలో ఉండగానే రికార్డు గిరగిరా తిరుగుతూ ఉంది.

"ఎలా ఉంది అన్నయ్యగారూ?" అంది అత్త. వెక్కిరింతగా కాదు. బాగుచేసిన ప్రతి పెట్టె గురించీ, ఇరవై రెండేళ్ళుగా ఆయన్ని అడిగే ప్రశ్నే అది. ఆయన ప్రతిసారీ ఏదో ఒకటి చెబుతాడు. మంద్రం బిగుసుకుందనో, గొంతులో తేమ వచ్చిందనో. ఆయన చెప్పకుండా ఆమె ఏ పెట్టెనీ గడప దాటించదు.

పెద్దనాన్న తిరుగుతున్న రికార్డు వైపు చూశాడు.

"నాకు తెలీదు చెల్లెమ్మా" అన్నాడు.

అత్త స్క్రూడ్రైవరు కింద పెట్టేసింది. ఆదివారం రాగి తీగని చూసినప్పటికంటే ఎక్కువ భయం ఆమె ముఖంలో ఇప్పుడు కనిపించింది. అలా అనకండి అంది. బాగా వినండి, ఇంకోసారి వేస్తాను అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పాటలో ఏది ఉందో, ఏది తను పెడుతున్నాడో తెలియడం లేదన్నాడు. లేచి, ముల్లు ఎత్తి, రికార్డుని కవరులో పెట్టాడు. అత్త కొక్కెం మీది సంచీ తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళింది. వెనక గదిలో స్క్రూడ్రైవర్లు డబ్బాలో పడిన చప్పుడు వినిపించింది.

పిల్లి మాత్రం గడప దగ్గరే నిలబడింది. నోటుపుస్తకం గుండెకి ఆనించుకుని ఉంది. నిన్నటి నుంచి ఈ మాట కోసమే గొంతు కూడదీసుకుంటోంది. పెద్దనాన్న ఒంటరివాడు కాడని ఎవరో ఒకరు చెప్పాలి. తను తప్ప చెప్పగలిగినవాళ్ళు లేరు.

"నాకూ వినిపించింది పెద్దనాన్నా" అంది.

ఆయన తిరిగి చూశాడు. పిల్లి పేజీ తెరిచి చూపించింది. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, పెట్టుకుని, ఆ ఒక్క వాక్యాన్నీ చదివాడు. తేడా ఉంది, నాకు వినిపించింది. ఆయన ముఖంలోకి ఏదో తిరిగి వస్తున్నట్టే అనిపించింది. గుమ్మం దాకా వచ్చాడు.

"నీకు ఎప్పుడు వినిపించింది? నేను చెప్పకముందా, చెప్పాకా?"

అవునని తలూపితే సరిపోయే ప్రశ్న కాదు అది. పిల్లి శనివారం మధ్యాహ్నాన్ని మళ్ళీ గుర్తుచేసుకుంది. దిగుతున్న ముల్లు. చెవి దగ్గరికి వంగిన ఆయన ఊపిరి. ఆవిడ ఒక అడుగు ముందుకొస్తుంది అన్న మాట. ఆ తర్వాత పాట.

"చెప్పాక" అంది.

పెద్దనాన్న సరేనన్నట్టు తలూపాడు. పుస్తకం మూసి, జాగ్రత్తగా, ఆమె చేతుల్లో పెట్టాడు. తర్వాత తలుపు మీద చెయ్యి వేశాడు. పిల్లి ఒక అడుగు వెనక్కి వేసింది. రబ్బరు అంచుల ఆ తలుపు ఆమె ముఖం ముందు, ఎప్పట్లాగే, ఏ చప్పుడూ లేకుండా మూసుకుంది.